త్రీడీ సైన్స్ మోడళ్ళకి ఏఐతో టెక్స్చర్లు: ఏడు నెలలు వాడిన తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, గేమ్‌లకూ యాడ్స్‌కూ పనిచేసేవాళ్ళకి ఈ రివ్యూ సగమే పనికొస్తుంది. నేను చేసేవి సైన్స్ మోడళ్ళు. గుండె, మూత్రపిండం, వైరస్, రాయి, డైనోసార్, చంద్రుడు, ఇలాంటివి. బడులవాళ్ళు, కాలేజీలవాళ్ళు, అప్పుడప్పుడూ ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్ళు అడుగుతారు, హైదరాబాద్ తార్నాకలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని చేసి ఇస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. ఏడు నెలల నుంచి ఈ మోడళ్ళకి టెక్స్చర్లు ఏఐ చేత వేయించి చూస్తున్నాను, ఐదు ఆర్డర్లు దాంతోనే పూర్తిచేశాను, అందులో ఒకటి మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. ఈ లైన్లో ఉన్న కుర్రవాళ్ళు చాలామంది ఫోన్ చేసి "అన్నా, తీసుకోవచ్చా, వద్దా" అని అడుగుతున్నారు. అందరికీ ఒక్కసారే చెప్పినట్టు ఉంటుందని కూర్చుని రాస్తున్నా.

రెండు రకాలుగా వాడాను. ఒకటి, ఇంట్లో నా సిస్టమ్ మీదే, త్రీడీ మోడళ్ళు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో మాటలు రాస్తే బొమ్మ వేసే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ కలిపి. రెండోది, నెలనెలా డబ్బు కట్టే ఒక ఆన్‌లైన్ సర్వీస్. మోడల్ అప్‌లోడ్ చేసి, ఏం కావాలో నాలుగు ముక్కలు రాస్తే మొత్తం టెక్స్చర్ వేసి ఫైలు చేతికిస్తుంది. ఆ సర్వీస్ పేరు రాయడం లేదు. నాకొచ్చిన ఇబ్బందుల్లో చాలావరకు ఏఐ పని పద్ధతిలోనే ఉన్నవి, ఇంట్లో సిస్టమ్ మీద చేసినప్పుడు కూడా అవే తప్పులు చూశాను.

టెక్స్చర్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. బత్తాయి తొక్కని చిరగకుండా ఒలిచి బల్ల మీద పరిచారనుకోండి, దాన్నే మేం యూవీ అంటాం. ఆ పరిచిన తొక్క మీద బొమ్మ వేసి మళ్ళీ కాయకి చుట్టేస్తే టెక్స్చర్. ఒక్క రంగు సరిపోదు, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం అని చెప్పడానికి నార్మల్ మ్యాప్, ఎక్కడ తడిగా మెరవాలి ఎక్కడ గరుగ్గా ఉండాలి అని చెప్పడానికి రఫ్‌నెస్ మ్యాప్, ఇలా ఒక్కో మోడల్‌కి మూడు నాలుగు పొరలు ఉంటాయి. గుండె మోడల్ ఒకటి చేత్తో పెయింట్ చేయాలంటే నాకు నాలుగు రోజులు పడుతుంది. ఏఐ అదే పని నలభై నిమిషాల్లో చేసి పెట్టింది, అందులో సగం నేను ప్రాంప్ట్, అంటే ఏం కావాలో ఏఐకి చెప్పే మాటలు, మార్చి మార్చి రాసిన టైమే.

లోపల జరిగేది ఇది. కంప్యూటర్ మోడల్‌ని ఎదురుగా ఒక కెమెరాతో చూసి డెప్త్ బొమ్మ తీస్తుంది, దగ్గరున్నది తెల్లగా, దూరం పోయేకొద్దీ నల్లగా. 2022 ఆగస్టులో బయటికొచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌కి, 2023 ఫిబ్రవరిలో వచ్చిన కంట్రోల్‌నెట్ అనే పద్ధతి జతకలిసింది కాబట్టి, ఆ డెప్త్ బొమ్మ ఆకారం చెడకుండా పైన రంగులు వేయడం వీలైంది. వేసిన బొమ్మని ప్రొజెక్టర్‌తో గోడ మీద పడేసినట్టు మోడల్ మీద పడేస్తారు. తర్వాత మోడల్‌ని కొంచెం తిప్పి పక్క వైపు, మళ్ళీ తిప్పి వెనక వైపు, అలా అన్ని వైపులా వేసి మధ్యలో అతుకులు కలుపుతారు. ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే కింద రాసేదంతా దీని మీదే ఆధారపడింది. ఆ డెప్త్ బొమ్మలో ఏది దగ్గర ఏది దూరం అన్నది మాత్రమే ఉంటుంది. అక్కడున్న గొట్టం ధమనా సిరా అన్నది అందులో ఉండదు.

మొదటి ఆర్డర్ గుండె. ఇంటర్ పిల్లలకి బైపీసీ క్లాసులో పెద్ద స్క్రీన్ మీద తిప్పి చూపించడానికి. మెష్, అంటే రంగులు లేని ఉత్త ఆకారం, నేను ముందే చేసి పెట్టుకున్నదే, కర్ణికలు, జఠరికలు, పైన మహాధమని, దాని పక్కనే పుపుస ధమని, ముందు వైపు గాడిలో దిగే కరోనరీ ధమని, అన్నీ కొలతల ప్రకారం ఉన్నవి. టెక్స్చర్ వచ్చాక స్క్రీన్ మీద చూసి నిజంగా ముచ్చటేసింది. కండరం నారలు కొంచెం ఏటవాలుగా, పైన పల్చటి పొర తడిగా మెరుస్తూ, గాళ్ళ పొడుగునా పసుప్పచ్చటి కొవ్వు పేరుకుని, చేత్తో వేస్తే నాకు అంత సహజంగా రాదు. అదే రాత్రి రెండర్లు, అంటే మోడల్ ఫోటోల్లాంటివి, తీసి పెట్టుకున్నాను.

మా వీధిలో ఒక మేడమ్ ఉంటారు, అనాటమీ చెప్పి రిటైరయ్యారు. ఏ శరీర భాగం చేసినా ఇచ్చేముందు ఆమెకి చూపిస్తాను. లాప్‌టాప్ పట్టుకెళ్ళి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "బాగుంది బాబూ, అచ్చం ఆపరేషన్ బల్ల మీద చూసినట్టే ఉంది" అని, పైన ఒక గొట్టం మీద వేలు పెట్టి, "ఇది ఏంటి?" అన్నారు.

"పుపుస ధమని, మేడమ్."

"మరి ఎర్రగా ఎందుకుంది?"

అప్పుడు చూశాను. ధమని అనగానే ఎరుపు అని వేసేసింది. శరీరం అంతటా ధమనులు మంచి రక్తాన్ని మోస్తాయి కాబట్టి పుస్తకాల్లో ఎరుపు, సిరలు చెడు రక్తాన్ని మోస్తాయి కాబట్టి నీలం. గుండెకీ ఊపిరితిత్తులకీ మధ్య మాత్రం ఇది తిరగబడుతుంది. పుపుస ధమని ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని ఊపిరితిత్తులకి తీసుకెళ్తుంది, అందుకే బొమ్మల్లో అది నీలం. పుపుస సిరలు ఆక్సిజన్ నిండిన రక్తాన్ని వెనక్కి తెస్తాయి, అవి ఎరుపు. పిల్లలు ఆ పాఠంలో ఎక్కువగా తడబడేది, పరీక్షలో అడిగేది సరిగ్గా అదే. దాన్ని నేను తప్పు రంగులో, అంత అందంగా తయారుచేసి, నూటయాభై మంది పిల్లల ముందు పెట్టబోయాను.

మేడమ్ అక్కడితో ఆగలేదు. గుండె ముందు వైపు జూమ్ చేయమన్నారు. ఎడమ కరోనరీ నుంచి గాడిలో కిందికి దిగే కొమ్మ నేను మెష్‌లో చేసినదే, దాని మీద రంగు సరిగ్గానే పడింది. దానికి రెండు మిల్లీమీటర్ల పక్కన, అదే వంపుతో, అదే లావుతో ఇంకొకటి ఉంది. మెష్‌లో అక్కడ ఏ నాళమూ లేదు, నున్నటి జఠరిక గోడ అది. ఏఐ ఆ గోడ మీద ఉత్త రంగుతో ఒక ధమనిని గీసేసింది, నీడ కూడా వేసింది, అందుకే ఉబ్బెత్తుగా నిజమైనదే అన్నట్టు కనిపిస్తోంది. "దీన్ని చూసి పిల్లలు రెండు అని లెక్కపెట్టుకుంటే ఎట్లా బాబూ?" అన్నారు ఆమె. కోపంగా అనలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు రోజుల్లో డెలివరీ, ఆ టెన్షన్ ఒకటి.

సరే, ప్రాంప్ట్‌లో రాస్తే సరిపోతుందిలే అనుకున్నాను. పుపుస ధమని నీలం, మహాధమని ఎరుపు అని స్పష్టంగా రాశాను. నీలం అన్న మాట రాయగానే మహాధమని మొదలు కూడా ఊదారంగులోకి తిరిగింది, కొవ్వు మీద నీలం ఛాయ వచ్చింది, ఒకసారైతే ఎడమ కర్ణిక మొత్తం నీలం అయింది. ఒక వస్తువుకి చెప్పిన రంగు పక్క వస్తువుకి అంటుకోవడం ఈ మోడళ్ళకి మొదటి నుంచీ ఉన్న జబ్బే, ఏ భాగానికి ఏ రంగు అని మాటలతో కట్టిపడేయడం వీటికి సరిగ్గా రాదు. ఇరవై ఆరు సార్లు మళ్ళీ వేయించాను, లెక్కపెట్టాను. చివరికి నాళాలన్నీ మామూలుగా మాస్క్ పెట్టుకుని, అంటే మిగతా చోట రంగు పడకుండా కప్పుకుని, చేత్తో రంగు నింపాను, ఏఐ వేసిన దాంట్లో కండరం నారల గరుకు మాత్రం ఉంచుకున్నాను. మొత్తం మూడు రోజులు పట్టింది. అంటే నాలుగు రోజుల్లో ఒక్క రోజు మిగిలింది. ఆ ఒక్క రోజు కూడా తక్కువేం కాదు, అది ఒప్పుకుంటాను.

ఆ దెబ్బతో నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. సైన్స్ మోడల్ మీద ఉండే రంగులన్నీ ఒక్క రకం కావు. కొన్ని కొలిచినవి, చంద్రుడి నేల ఎంత బూడిదరంగో కెమెరాలు చూసి చెప్పినవి. కొన్ని అందరం కలిసి ఒప్పుకున్నవి, సిర నీలం లాంటివి, నిజంగా ఏ సిరా నీలంగా ఉండదు. కొన్ని ఉత్త ఊహ. ఏఐకి ఈ మూడూ ఒకటే. వాడేవాడు తెలుసుకుని వాడితేనే పని జరుగుతుంది. ఆ తర్వాత చేసిన ప్రతి ఆర్డర్‌లో ముందు ఈ రంగు ఏ రకం అని చూసుకునే మొదలుపెట్టాను.

రెండోది కరోనా వైరస్, ఒక బడిలో సైన్స్ ఫెయిర్ కోసం. ఇది తొందరగానే అయిపోయింది. ఏం రాసినా బూడిదరంగు బంతి, దాని మీద ఎర్రటి ముళ్ళే వస్తాయి, ఎందుకంటే 2020 జనవరిలో అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీలో అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ అనే ఇద్దరు మెడికల్ ఇలస్ట్రేటర్లు చేసిన బొమ్మ లోకమంతా తిరిగింది. అందులో ముళ్ళు ఎరుపు, మధ్యలో నారింజ, పసుపు చుక్కలు వేరే ప్రోటీన్లు. ఆ రంగులు వాళ్ళు ఎంచుకున్నవి. వైరస్ సుమారు 100 నానోమీటర్లు, మన కంటికి కనిపించే వెలుగు తరంగం 400 నుంచి 700 నానోమీటర్లు, కాబట్టి వైరస్‌కి మనం అనుకునే అర్థంలో రంగే ఉండదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇచ్చేది తెలుపు నలుపు బొమ్మే. ఏఐ వేసిన దాంట్లో నారింజ, పసుపు చుక్కలు కూడా ఉన్నాయి కానీ ఇష్టం వచ్చిన చోట చల్లినట్టు ఉన్నాయి, ఏ చుక్క ఏ ప్రోటీనో చెప్పడానికి లేదు. నేను అన్నీ తీసేసి, ముళ్ళకి ఒక రంగు, పొరకి ఒక రంగు ఇచ్చి, కింద "ఈ రంగులు గుర్తుపట్టడానికి ఇచ్చినవి" అని రాశాను. ఏఐ ఇచ్చిన గరుకు పొర ఒక్కటి మాత్రం చాలా బాగా పనికొచ్చింది, బంతి ప్లాస్టిక్ బొమ్మలా కాకుండా మెత్తగా కనిపించింది.

మూడోది నాకు బాగా ఇష్టమైన పని. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది, హైదరాబాద్ పిల్లల్లో స్కూల్ ట్రిప్పుకి వెళ్ళి దాని కాళ్ళ దగ్గర తలెత్తి చూడనివాళ్ళు తక్కువ. తెలంగాణలో యామన్‌పల్లి ఊరి దగ్గర 1970ల చివర్లో దొరికిన ఎముకలు, 840 దాకా ముక్కలు, కనీసం పన్నెండు జంతువులవి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన వైపు ఊరి పేరు ఒక డైనోసార్ పేరులో ఉందంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. ఒక ఎగ్జిబిషన్ వాళ్ళు దానికి చర్మం, కండ పెట్టి బతికున్నట్టు చేయమన్నారు.

ఈ పనికి ఏఐ సరిపోతుందనే అనుకున్నాను, ఎందుకంటే దాని రంగు ఎవరికీ తెలియదు, ఊహే కదా. 2010లో సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ ఈకల్లో రంగు గుళికలు దొరికి, తోక మీద గోధుమ, తెలుపు చారలని తేల్చారు, అలా కొన్ని డైనోసార్ల రంగులు తెలుసు. కోటాసారస్‌ది మాత్రం ఎముకలే మిగిలాయి. దాని తల కూడా దొరకలేదు, రెండు పళ్ళు తప్ప. మ్యూజియంలో మనం చూసే తల దగ్గరి బంధువుల తలలు చూసి చేసినదే.

ఫలితం రెండు రకాలుగా ఉంది. పక్కవాటంగా చూస్తే అద్భుతం. మట్టిరంగు, అక్కడక్కడా ఆకుపచ్చ ఛాయ, మోకాళ్ళ దగ్గర ముడతలు, మెడ మీద పొలుసులు చిన్నగా మొదలై వీపు మీద పెద్దవవుతూ, ఏనుగు చర్మంలా బరువు కనిపిస్తోంది. వెనక్కి తిప్పాను. తోక మొదట్లో, తొడ పైన, ఒక కన్ను. రెప్ప, నల్లగుడ్డు, అన్నీ ఉన్నాయి. ప్రతి వైపూ విడివిడిగా వేస్తుంది కాబట్టి, ప్రతిసారీ డైనోసార్ అని రాసి ఉంటుంది కాబట్టి, డైనోసార్‌కి మొహం ఉంటుంది కాబట్టి వెనక నుంచి చూసినప్పుడు కూడా ఒక మొహం మొదలుపెట్టేస్తుంది. త్రీడీ ఏఐ పనిలో దీనికి జానస్ సమస్య అని పేరు కూడా ఉంది, రోమన్ల రెండు మొహాల దేవుడి పేరు మీద. వెనక వ్యూకి ప్రాంప్ట్ వేరుగా, తోక, వెనక కాళ్ళు అని మాత్రమే రాస్తే పోయింది. ఆన్‌లైన్ సర్వీస్‌లో అలా వ్యూకి ఒక ప్రాంప్ట్ రాసే వీలు లేదు, అందుకని ఈ మోడల్ మొత్తం ఇంట్లో సిస్టమ్ మీదే చేశాను. పొట్ట కింద, తొడల లోపలి వైపు ఏ కెమెరాకీ సరిగ్గా కనిపించదు కదా, అక్కడ రంగు సాగదీసిన రబ్బరులా అయింది, అది చేత్తో సరిచేయక తప్పలేదు.

ఇంకో సంగతి గమనించాను. ఏ మాట రాసినా దాని చర్మం మొసలి వైపో, బల్లి వైపో, సినిమాల్లో చూసిన వేటాడే డైనోసార్ వైపో పోతోంది. ఆకులు తినే పెద్ద జంతువుకి వీపు మీద ముళ్ళు, కళ్ళ చుట్టూ ఎర్రటి మచ్చలు ఇస్తోంది. అందుకే చివరికి రంగు నేనే ఎంచుకున్నాను. ఆ కాలంలో అక్కడ నదులు, సరస్సులు ఉండేవి కాబట్టి మట్టి, బురద రంగులే తీసుకుని, పొట్ట వైపు కొంచెం లేతగా ఉంచాను. పక్కన బోర్డు మీద "రంగు ఊహ, తల బంధువుల నుంచి తీసుకున్నది" అని రాయించాను. ఎగ్జిబిషన్ వాళ్ళు మొదట వద్దన్నారు, పిల్లలకి మజా పోతుందని. రాయకపోతే ఫైల్ ఇవ్వనని చెప్పాను, రాశారు. పిల్లలైతే బోర్డు చదివి, మరి నీకు ఏ రంగు ఇష్టం అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు, ఆ మాట విన్నప్పుడు పడిన కష్టమంతా మరిచిపోయాను.

మన ఊరి బండరాళ్ళ ఆర్డర్ దగ్గర మాత్రం ఏఐని పూర్తిగా పక్కన పెట్టేశాను. ఒక కాలేజీ జియాలజీ విభాగం వాళ్ళు హైదరాబాద్ గ్రానైట్ మోడల్ అడిగారు, 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి, ఖాజాగూడ వైపు వెళ్తే ఇప్పటికీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఏఐ ఇచ్చిన టెక్స్చర్ ఒక అడుగు దూరం నుంచి చూస్తే గ్రానైటే. దగ్గరికి జరిగితే వంటగది బండలా ఉంది, గులాబీ చుక్కలు, నల్ల చుక్కలు సమానంగా చల్లినట్టు. నిజమైన రాయిలో గులాబీరంగు ఫెల్డ్‌స్పార్‌కి తిన్నటి అంచులుంటాయి, అది ముందు గట్టిపడింది కాబట్టి. క్వార్ట్జ్ చివర్లో గట్టిపడింది కాబట్టి మిగిలిన సందుల్లో గాజు ముక్కలా దూరి ఉంటుంది, దానికంటూ ఆకారం ఉండదు. నల్ల అభ్రకం పల్చటి రేకుల్లా మెరుస్తుంది. ఏ గింజ ముందు పుట్టింది ఏది తర్వాత పుట్టింది అన్నది ఆ అంచులు చూసే విద్యార్థి నేర్చుకోవాలి. ఏఐ వేసిన దాంట్లో అన్నిటికీ ఒకటే గుండ్రటి అంచు. ఇంకా ఘోరం ఏమిటంటే, మన బండల మీద వాన నీళ్ళు జారి నల్లటి చారలు పడతాయి కదా, అవి కూడా వేసింది, కానీ రాయికి అడ్డంగా. నీళ్ళు కిందికే జారతాయన్న సంగతి ఆ టెక్స్చర్‌కి తెలియదు, దానికి పైనా కిందా లేవు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ఎండ రాకముందే, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి ఒకే బండకి ఫోన్‌తో నూట ఎనభై ఫోటోలు తీశాను, చుట్టూ తిరుగుతూ, ఒక ఫోటో పక్క ఫోటో మీద సగం పైన ఎక్కేట్టు. ఫోటోల నుంచి త్రీడీ ఆకారం కట్టే ఫోటోగ్రామెట్రీలో వేస్తే రాయీ, దాని రంగూ రెండూ కలిసే వచ్చాయి. వాళ్ళ లెక్చరర్ సార్ చూసి ఆ ఫెల్డ్‌స్పార్ అంచుల్ని స్క్రీన్ మీదే కొలిచారు. ఇంట్లో కూర్చుని ప్రాంప్ట్‌లు రాయడం కంటే ఆ పొద్దు అక్కడ గడపడమే తక్కువ టైమ్ పట్టింది. చంద్రుడిదీ అంతే. నాసా వాళ్ళు చంద్రుడి చుట్టూ తిరిగే ఎల్ఆర్‌ఓ నౌక కెమెరా ఫోటోలతో, లేజర్ కొలతలతో చంద్రుడి రంగు మ్యాపూ, ఎత్తుపల్లాల మ్యాపూ త్రీడీ పనివాళ్ళ కోసమే ఉచితంగా పెట్టారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటు, దక్షిణాన 69 డిగ్రీల దగ్గర, పిల్లలకి చూపించాలంటే నిజమైన గుంటలే కావాలి. ఏఐ వేసే గుంటలు ఎంత బాగున్నా అవి ఎక్కడా లేని గుంటలు. దీని మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక మామూలు రివ్యూ సంగతులు. పెద్ద తలనొప్పి వెలుగు. ఏఐ వేసే బొమ్మలో నీడ, మెరుపు రంగులోనే కలిసిపోయి వస్తాయి. మోడల్‌ని తిప్పితే వెలుగు ఎడమ నుంచి పడుతున్నా మెరుపు కుడివైపే అతుక్కుని ఉంటుంది. నున్నటి వెలుగు, నీడలు వద్దు అని రాస్తే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, గుండె మీద లేని ధమని ఉబ్బెత్తుగా కనిపించింది కూడా ఈ నీడ వల్లే. ఆన్‌లైన్ సర్వీస్ ఈ విషయంలో కొంచెం నయం, రంగు, గరుకు, మెరుపు వేర్వేరు మ్యాపులుగా ఇస్తుంది. అయినా సైన్స్ మోడల్‌కి ఆ నార్మల్ మ్యాప్‌ని నేను నమ్మను, రంగు చూసి ఎత్తుని ఊహిస్తుంది, నల్ల మచ్చ ఉంటే గుంట అనుకుంటుంది.

సైజు రెండో ఇబ్బంది. స్టేబుల్ డిఫ్యూజన్ పాత 1.5 మోడల్ 512 పిక్సెళ్ళ బొమ్మకి, తర్వాతి ఎస్‌డీఎక్స్ఎల్ 1024 పిక్సెళ్ళకి తయారైనవి. క్లాసురూమ్ స్క్రీన్ మీద జూమ్ చేసే మోడల్‌కి నాకు 4096 కావాలి. అప్‌స్కేల్ చేస్తే, అంటే బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేస్తే, ఆ అప్‌స్కేలర్ మళ్ళీ తన సొంత వివరాలు కల్పిస్తుంది, ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుంటుంది. నేను ముక్కలు ముక్కలుగా, దగ్గర నుంచి కెమెరా పెట్టి వేయిస్తున్నాను, ఆలస్యమైనా అదే నయం.

ఖర్చు సంగతి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాను, ఈ పనికి అది సరిపోతోంది. 8 జీబీతో మొదలుపెట్టొద్దు, ఎస్‌డీఎక్స్ఎల్‌కి కంట్రోల్‌నెట్ కలిపితే ఇరుకవుతుంది. మే నెలలో మేడ మీద గదిలో మధ్యాహ్నం పూట ఇది నడిపితే గది కొలిమిలా అవుతుంది, నేను రాత్రి పదిన్నర తర్వాతే నడిపేవాణ్ణి. ఆన్‌లైన్ సర్వీస్‌లో క్రెడిట్ల లెక్క, ఒక్కో ప్రయత్నానికి కోత. గుండె దగ్గర ఇరవై ఆరు సార్లు అన్నానే, ఆ నెల క్రెడిట్లు అక్కడే అయిపోయి మళ్ళీ కొనాల్సి వచ్చింది. నచ్చని ఫలితానికి కూడా డబ్బు పోతుందని ముందే లెక్కలో వేసుకోండి. ఇంకో మాట, మీ మోడల్ మీ సొంతం కాకుండా ఏ కాలేజీదో, ఏ ల్యాబ్‌దో అయితే అప్‌లోడ్ చేసేముందు వాళ్ళని అడగండి. నేను అడిగితే ఒక చోట వద్దన్నారు, వాళ్ళది ఇంకా పేపర్‌గా రాని స్కాన్.

స్టార్లు అడిగేవాళ్ళకి, ఇంట్లో బ్లెండర్ పద్ధతికి ఐదుకి మూడున్నర, ఆన్‌లైన్ సర్వీస్‌కి రెండున్నర. తేడా అంతా ఒక్క చోట ఉంది. ఇంట్లో చేస్తే ఏ భాగాన్ని ముట్టుకోవాలో, ఎంత ముట్టుకోవాలో నా చేతిలో ఉంటుంది. మాస్క్ పెట్టి కండరాన్ని మాత్రమే వదిలి, ఏఐ ఎంత మార్చాలో చెప్పే స్ట్రెంగ్త్ 0.3 దాటకుండా పెడితే నేను వేసిన రంగు మారకుండా పైన గరుకు మాత్రం చేరుతుంది. వచ్చిన బొమ్మలోంచి రంగు మొత్తం తీసేసి, తెలుపు నలుపుగా మార్చి, దాన్ని గరుకు పొరగా మాత్రమే వాడటం నాకు అన్నిటికంటే బాగా కుదిరింది. చేత్తో వేసిన రంగు ఎప్పుడూ కొంచెం చదునుగా, పుస్తకం బొమ్మలా ఉంటుంది. ఈ పొర కలిస్తే ప్రాణం వస్తుంది. ఏఐ నాకిచ్చింది ఇదీ, ఇది చిన్నది కాదు. ఇంతకుముందు పొలుసులూ, ముడతలూ, నారలూ వేయడానికి పోయిన రాత్రులు ఇప్పుడు లేబుళ్ళు సరిచూడటానికి, మేడమ్ దగ్గర కూర్చోవడానికి మిగులుతున్నాయి.

నా ఫైళ్ళలో ఇప్పుడు లేయర్లకి మూడు పేర్లు పెట్టుకున్నాను, కొలత, ఒప్పందం, ఊహ అని. కొలత లేయర్‌ని ఏఐకి చూపించను. ఒప్పందం లేయర్‌లో రంగులు నేనే నింపి తాళం వేస్తాను. ఊహలో మాత్రం దాన్ని ఆడుకోనిస్తాను. ఇది నాతో పనిచేసే ఇద్దరు పిల్లలకి కూడా నేర్పాను, వాళ్ళలో ఒకమ్మాయి మొన్న అణువుల మోడల్‌లో ఆక్సిజన్ ఆకుపచ్చగా వచ్చిందని తనే పట్టుకుంది. కార్బన్ నలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం అన్నవి కూడా ఒప్పందాలే కదా, పరమాణువులకి రంగులుండవు, కానీ ఆ ఒప్పందం తప్పితే కెమిస్ట్రీ సార్ బోర్డు మీద చెప్పేదానికీ పిల్లలు తెర మీద చూసేదానికీ పొంతన ఉండదు.

ఆన్‌లైన్ సర్వీస్ ఈ నెలతో ఆపేశాను, మళ్ళీ అవసరం పడితే ఒక నెలకి తీసుకుంటాను. ప్రస్తుతం చేస్తున్నది మూత్రపిండం, ఉప్పల్‌లో ఒక బడికి. ధమని ఎరుపు, సిర నీలం, మూత్రనాళం పసుపు నేనే నింపేశాను, బయటి పొర మీద గరుకు ఒక్కటే రాత్రి సిస్టమ్ చేత వేయించాను. రేపు సాయంత్రం మేడమ్ దగ్గరికి ప్రింటు పట్టుకెళ్తున్నా, ఎర్ర పెన్ను కూడా ఆమె దగ్గరే ఉంది.